ఏడో పేజీ చివరి వాక్యం

ఆగస్టు 13, బుధవారం

ఏప్రిల్ తర్వాత ఈ పుస్తకం తెరవడం ఇదే. రాయాల్సినంత పెద్ద విషయం కూడా ఏమీ లేదు. ఊరికే.

పదకొండింటికి ఆసుపత్రి నుంచి డాక్టర్ ఫైజ్ ఫోన్ చేశాడు. వార్డులో ఒక తెలుగు పేషెంటు ఉన్నాడట. డెంగీ, జ్వరం మొదలై రెండో రోజు. కొత్త మందు స్టడీలోకి తీసుకోవడానికి సరిగ్గా సరిపోతాడు. కానీ ఇంగ్లిష్ అంతంత మాత్రం, ఆ స్టడీ అంగీకార పత్రం తమిళం, చైనీస్, బెంగాలీల్లోనే ఉంది. ఒకసారి రాగలరా అన్నాడు. తెలుగు అనేసరికి సైన్స్ పార్క్‌లో మా అంతస్తంతా నా బల్ల వైపే చూస్తుంది. పదహారేళ్ళుగా ఇదే వరస. పైగా నేను కోఆర్డినేటర్‌గా పనిచేసేది వేరే స్టడీలో కాబట్టి సాక్షి సంతకానికి కూడా పనికొస్తాను. చేస్తున్న పని ఆపేసి షటిల్ బస్సెక్కాను.

పేరు రామన్న. ముప్పై ఎనిమిదేళ్ళు, షిప్‌యార్డులో వెల్డరు. పలాస దగ్గర పల్లె నుంచి ఈ దేశానికి పనికొచ్చాడు. అతను నోరు విప్పగానే విజయనగరంలో మా వీధి అరుగు మీద కూర్చున్నట్టయింది. మేడమ్‌ది మన వైపేనా అని అడిగాడు. అవునన్నాను. అంత జ్వరంలోనూ మొహం విప్పారింది. మీరు అంటుంటే ఒప్పుకోలేదు, నువ్వనే పిలవమన్నాడు.

ఫైజ్ ఇంగ్లిష్‌లో ఒక్కో పేరా చదవడం, నేను తెలుగులో చెప్పడం. పన్నెండు పేజీలు, నలభై నిమిషాలు. అన్నీ చెప్పాను. అన్నీ విన్నాడు, ఏమీ అడగలేదు, సంతకం పెట్టాడు. 'ఇందులోని విషయాలన్నీ అతనికి అర్థమయ్యే భాషలో పూర్తిగా చెప్పడమైనది' అన్న లైను కింద నేనూ పెట్టాను.

ఒంటిగంటన్నరకు క్యాంటీన్‌లో అన్నం మిగల్లేదు. నూడుల్స్ తిన్నాను.

ఆగస్టు 14, గురువారం

మా ఆఫీసులో మూడు నెలలకొకసారి ఎవరో ఒకరు కొత్తవాళ్ళకు పాఠం చెప్పాలి. విషయం ఎప్పుడూ ఒకటే: మనుషుల మీద ప్రయోగం చేసేటప్పుడు వాళ్ళ ఒప్పుదల తీసుకోవడమనే పద్ధతి ఎలా పుట్టింది? ఈసారి నా వంతు, 29న. అందరూ చెప్పిన కథలే చెప్పడం నాకు చేతకాదు. నలుగురూ నడిచే దారిలో నడిస్తే నేను వసుంధరనెలా అవుతాను? వెతగ్గా వెతగ్గా అమెరికా చరిత్రలో ఎవరూ పట్టించుకోని ఒక మూల దొరికింది.

క్లారా మాస్ అని ఒక నర్సు. న్యూజెర్సీ పిల్ల. యుద్ధంలో సైనికులకు సేవ చేసింది, ఫిలిప్పీన్స్ దాకా వెళ్ళింది. 1901లో హవానాలో ఎల్లో ఫీవర్ ఆసుపత్రిలో చేరింది. ఆ జ్వరం దోమ వల్లే వస్తుందని అప్పుడప్పుడే తేలుతోంది. కావాలని దోమ చేత కుట్టించుకోవడానికి మనుషులు కావాలన్నారు. తను ముందుకొచ్చింది. ఆ ప్రయోగాల్లో ఆడమనిషి తనొక్కతే. మొదట్లో కుట్టించుకున్నప్పుడు పెద్దగా ఏమీ కాలేదు. మళ్ళీ కుట్టించుకుంది. ఎందుకో ఎవరికీ సరిగ్గా తెలియదు. వాళ్ళమ్మకు దిగులుపడొద్దని ఉత్తరం రాసిందట. మనుషుల మీద ఆ ప్రయోగాలు ఆమెతోనే ఆగిపోయాయి. ఆమె చదువుకున్న ఆసుపత్రికి తర్వాత ఆమె పేరే పెట్టారు.

అదే దోమ. మా బ్లాకు కింద కుట్టేదీ, రామన్నను కుట్టిందీ ఆ జాతే.

ఆమె మళ్ళీ కుట్టించుకున్నది ఆగస్టు 14న. ఈరోజు తారీఖే. పది రోజుల తర్వాత, 24న, ఆమె కథ ముగిసింది. ఇరవై అయిదేళ్ళు.

ఈ తారీఖుల సంగతి స్లైడ్లో పెట్టను. చూసినవాళ్ళకు నాటకంలా ఉంటుంది.

ఆగస్టు 15, శుక్రవారం

రామన్నకు ప్లేట్‌లెట్లు తగ్గుతున్నాయట. డెంగీలో తగ్గుతాయి. మామూలే.

ఆగస్టు 16, శనివారం

మామూలే అని ఫైజ్ కూడా అన్నాడు. నేనే ఫోన్ చేసి అడిగాను. మీ స్టడీ కాదు కదా, మీకెందుకు అనలేదు, మంచివాడు.

ఆగస్టు 17, ఆదివారం

మా బ్లాకు కింద ఎర్ర బ్యానర్ కట్టారు. టాంపినీస్‌లో మా వీధి డెంగీ క్లస్టర్ అయింది, పదికి పైగా కేసులట. పొద్దున్నే దోమల తనిఖీకి యూనిఫాంలో ఒకావిడ వచ్చి వరండాలో తులసి కుండీ ఎత్తి కింద పళ్ళెంలో టార్చి వేసి చూసింది. ఒక్క చుక్క నీళ్ళు లేవు. నా ఇంట్లో దొరకవమ్మా అని మనసులోనే అనుకున్నాను. పనిలో నాకు వంక పెట్టినవాళ్ళు ఇంతవరకూ లేరు.

మధ్యాహ్నం వండబోతే డబ్బాలో బియ్యం అడుగంటాయి. అలేఖ్యను పిలిచి, బియ్యం నిండుకున్నాయి, కింద షాపులో అయిదు కిలోలు పట్టుకురా అన్నాను. పదిహేనేళ్ళు వచ్చాయి, ఈ మాట చిన్నప్పట్నించీ వింటోంది, అయినా ప్రతిసారీ అడుగుతుంది. ఖాళీ అయితే నిండుకున్నాయంటావేంటమ్మా, రైస్ ఫినిష్ ఆల్రెడీ అనొచ్చుగా అని. ఇంట్లో లేదు అనే మాట అనకూడదే, పైన తథాస్తు దేవతలుంటారు, మనం ఏదంటే దానికి తథాస్తు అంటారు అన్నాను. దీపం ఆరిందనం, కొండెక్కిందంటాం. వెళ్తాననం, వెళ్ళొస్తానంటాం. దానికి నవ్వు. సో ఫ్రీ లా, వాళ్ళకు వేరే పని లేదా అంది.

స్లైడ్లు కూడా చూసింది. క్లారా పక్కన నేను 'పాస్డ్ అవే' అని రాశాను. డైడ్ అని రాయొచ్చుగా, పోయెట్రీ కాదు కదా అంది. మార్చలేదు.

సాయంత్రం బియ్యం కడుగుతుంటే వెనక నుంచి ఎవరో మేడమ్ అన్నట్టయింది. మా ఆయన మహీధర్ సముద్రం అవతల బాటం దీవిలో సైటు మీద ఉన్నాడు, ఇంట్లో అలేఖ్య తప్ప ఎవరూ లేరు. అది హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉంది.

ఆగస్టు 18, సోమవారం

రామన్నను ఐసీయూకి మార్చారు. లోపల రక్తం కారుతోందట. ఊపిరి గొట్టం వేశారు.

అతనికి ఇచ్చింది అసలు మందో, ఉత్తుత్తి మాత్రో ఇంకా ఎవరికీ తెలియదు. మందు వల్లో, జ్వరం వల్లో అంతకన్నా తెలియదు. మందివ్వకపోయినా డెంగీ ఒక్కోసారి ఇలాగే చేస్తుంది. నేను దానికి బాధపడాల్సిన పని లేదు. నేను చేసింది తర్జుమా మాత్రమే.

పని చేయబుద్ధి కాక పాఠం తయారీలో పడ్డాను. క్లారాకు ముందు ఏడాదే, 1900లో, అదే క్యూబాలో అమెరికా సైనిక వైద్యులు ఇంకో జట్టు మీద ప్రయోగం చేశారు. వాళ్ళు స్పెయిన్ నుంచి అప్పుడే పొట్టకూటికి వచ్చిన కూలీలు. వాళ్ళకు రెండు భాషల్లో కాగితం రాసిచ్చి ఒప్పుదల తీసుకున్నారు. చరిత్రలో అలాంటి కాగితాల్లో అదే మొదటిదని చెప్పుకుంటారు. సంతకం రానివాళ్ళు గుర్తు పెట్టారు. ఊరుగాని ఊళ్ళో, ఎవరో చదివి వినిపిస్తే నమ్మి పెట్టారు.

అందులో జబ్బు వస్తే ప్రాణానికి అపాయమని రాసే చోట 'కొంత మేరకు' అని ఉంది. ప్రాణానికి కొంత మేరకు అపాయం. ప్రాణం కొంత మేరకు ఎలా పోతుంది? ఆ రెండు మాటలూ పెట్టిన మనిషి ఎవరో తెలియదు. పెట్టే ముందు కలం ఆగిందా? ఎదుటివాడు బెదురుతాడని జాలిపడ్డాడా, సంతకం పెట్టడేమోనని భయపడ్డాడా? మధ్యాహ్నమంతా ఈ రెండు మాటలే చూస్తూ కూర్చున్నాను.

ఆ కాగితం మీద సంతకం పెట్టినవాళ్ళలో జ్వరం వచ్చినవాళ్ళు కూడా తేరుకున్నారట. అందరూ బతికి బయటపడ్డారు. అది చదివి నాకెందుకో ఏడుపొచ్చింది.

ఆగస్టు 19, మంగళవారం

ఫైజ్ తనంతట తనే మా ఆఫీసుకు వచ్చాడు. ఎప్పుడూ రాడు. కిందకు వెళ్ళి టీ తాగుదామన్నాడు. అతనిది హైదరాబాదు, మలక్‌పేట. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బయట నాలాంటి తెలుగువాళ్ళతో తెలంగాణ తెలుగు. శ్రీకాకుళం యాస మాత్రం అందదు, అందుకే నన్ను పిలుస్తాడు.

కింద తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి కాసేపు దాన్నే తిప్పుతూ కూర్చున్నాడు. ఇలాంటి పెద్ద ఘటన జరిగితే ఒప్పుదల కాగితాలు మళ్ళీ తిరగేస్తారని, రేపో ఎల్లుండో ఎవరైనా నన్ను అడగొచ్చని చెప్పాడు. అడగనీ, అన్నీ చెప్పాను కదా అన్నాను. తలెత్తి చూశాడు.

"వసుంధర గారూ, ఏడో పేజీ కాడ మీరు ఆగిన్రు. నాకు ఆ రోజే సమజైంది. నేను గూడ సప్పుడు చేయలే. మా అమ్మీ గూడ గట్లాంటి మాట నోట్లెకెళ్ళి రానియ్యదు, అల్లా న కరే అంటది. కాగితం మీద ఇద్దరి సంతకాలున్నయి. ఇగ వదిలేయుండ్రి."

నేనేమీ ఆగలేదు, మీరు పొరబడ్డారు అన్నాను. సరే అన్నాడు. టీ డబ్బులు అతనే ఇచ్చాడు.

నేను ఆగలేదు.

ఆగస్టు 20, బుధవారం

ఈ పుస్తకం ఇంకెవరూ చదవరు. ఇక్కడ కూడా అబద్ధం రాస్తే ఇంకెక్కడ రాస్తాను నిజం.

ఏడో పేజీ చివరి వాక్యం ఇది: అరుదుగా తీవ్రమైన రక్తస్రావం జరిగి, దానివల్ల మరణం సంభవించవచ్చు. ఫైజ్ ఇంగ్లిష్‌లో చదివి నా వైపు చూశాడు. రామన్న కూడా నా వైపే చూస్తున్నాడు. నేను నోరు తెరిచాను. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. మంచం మీద జ్వరంతో పడుకున్న మనిషి మొహం మీద ఆ మాట ఎలా అంటాం? చిన్నప్పుడు మా తమ్ముడికి విరేచనాలైతే, వీడు బతుకుతాడా అని అడిగినందుకు మా అమ్మ నా నోటి మీద కొట్టింది. శుభం పలకరా మంకెన్నా అని మనవాళ్ళు ఊరికే అనలేదు. నాకు నలభై ఆరేళ్ళు, ఈ పనిలో పదహారేళ్ళు, తెలుగులో తర్జుమాలు ఎన్ని చేసినా, తెలుగు పేషెంటుకు ఆ మాట చెప్పాల్సి రావడం మాత్రం అదే మొదటిసారి. ఇంగ్లిష్‌లో వందసార్లు అన్నాను. ఇంగ్లిష్‌లో ఏ దేవతలూ వినరు కాబోలు.

నేనన్నది ఇది: "అరుదుగా రక్తం కారొచ్చు రామన్నా. ఏదైనా అయితే డాక్టర్లు పక్కనే ఉంటారు, బాగా చూసుకుంటారు."

అంతే. చాలా సాఫీగా అన్నాను. ఎనిమిదో పేజీకి వెళ్ళిపోయాం.

13న ఇక్కడ అతను ఏమీ అడగలేదని రాశాను. అదీ అబద్ధమే. పన్నెండు పేజీలూ అయ్యాక, పెన్ను పట్టుకుని, ఇంకేటైనా ఉందా మేడమ్ అని అడిగాడు. అప్పుడైనా చెప్పొచ్చు. వెనక్కి తిరిగి ఏడో పేజీ తీస్తే సరిపోయేది. అంతే అన్నాను. సంతకం పెట్టాడు.

తథాస్తు దేవతల మీదికి మొత్తం నెట్టేయడం కూడా న్యాయం కాదు. మన వైపు మనిషని అతని మొహం విప్పారిందని రాశానే, అది ఆరిపోవడం నాకిష్టం లేకపోయింది. అతను నన్ను మంచిదాన్ననుకోవాలనుకున్నాను. అనుకున్నాడు కూడా.

ఆగస్టు 21, గురువారం

రామన్న భార్యకు వీడియో కాల్ చేశారు. పేరు సుమలత. జీడిపప్పు ఫ్యాక్టరీ నుంచి పిలిపించినట్టున్నారు, తలకు గుడ్డ కట్టుకుని అలాగే వచ్చింది. వెనక ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది అలేఖ్య వయసు ఉంటుంది.

మళ్ళీ ఫైజ్ ఇంగ్లిష్‌లో, నేను తెలుగులో. పరిస్థితి విషమంగా ఉంది, బతకకపోయే అవకాశం కూడా ఉంది, చేయగలిగినదంతా చేస్తున్నాం అని అతను చెప్పాడు. నేను రాత్రి ఒట్టు పెట్టుకుని వచ్చాను, ఈసారి ఉన్నదున్నట్టు చెబుతానని. ఫైజ్ చెప్పడం పూర్తవకముందే ఆవిడ నన్నడిగింది, ఆయనకేటీ అవదు కదండీ అని.

"దేవుడి మీద భారం వెయ్యమ్మా. డాక్టర్లు బాగా చూస్తున్నారు" అన్నాను.

ఫైజ్ తల దించుకున్నాడు. అతనికి ఈ తెలుగు అర్థమైంది.

సుమలత చెప్పింది, జ్వరం వచ్చిన రోజు ఫోన్ చేసి, ఏటీ కాదు, బెంగెట్టుకోకు అన్నాడట. క్లారా కూడా వాళ్ళమ్మకు దిగులుపడొద్దని రాసింది. లోకంలో ప్రతివాళ్ళూ ఎదుటివాళ్ళకు ఏమీ కాదనే చెబుతారు. వాళ్ళు చెప్పొచ్చు, వాళ్ళవి సొంత ప్రాణాలు. అక్కడ నా పని తర్జుమా.

ఆగస్టు 22, శుక్రవారం

షటిల్ బస్సులో వెనక సీట్లో ఎవరో ఇంకేటైనా ఉందా మేడమ్ అన్నారు. తిరిగి చూస్తే ఇద్దరు చైనీస్ కుర్రాళ్ళు, ఫోన్లు చూసుకుంటున్నారు.

మీటింగులో మా మేనేజరు చివర్న ఎనీథింగ్ ఎల్స్ అన్నది. నా చేతిలోని కాఫీ ఒలికింది. కప్పు లిడ్డు వదులైందని చెప్పాను.

ఆగస్టు 23, శనివారం

అలేఖ్య పట్టేసింది. నేను రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదని, ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నానని గమనించిందట. మొత్తం చెప్పేశాను. పిల్లకు చెప్పకూడనివి చెప్పాను. అది టేబుల్ మీద చేతులు పెట్టుకుని పెద్దమనిషిలా విన్నది.

"సో అతను అడిగాడు, నువ్వు అంతే అన్నావు. అతను ఓకే అయ్యాక చెప్తావా?" అంది.

కాకపోతే అని అడగలేదు. నా కూతురే కదా. దానికీ ఆ మాట రాలేదు. ఇంగ్లిష్‌లో ఎంత గడుసుగా మాట్లాడినా, నా మొహం చూశాక రాలేదు. దాన్ని దగ్గరకు తీసుకుని ఏడ్చాను. అదేమీ ఓదార్చలేదు, చెప్పేసెయ్ అమ్మా అని మాత్రం రెండుసార్లు అంది.

ఆగస్టు 24, ఆదివారం

పొద్దున్న ఆరున్నరకు ఫైజ్‌కి మెసేజ్ పెట్టాను. అలాగే ఉన్నాడు అని జవాబు.

ఎనిమిదికి పెట్టాను. అలాగే ఉన్నాడు.

సైన్సు చదువుకున్నదాన్ని. నూట ఇరవై నాలుగేళ్ళ కింద హవానాలో జరిగినదానికీ, ఇక్కడ గొట్టం పెట్టుకుని పడుకున్న మనిషికీ తారీఖు ఒకటైనంత మాత్రాన ఏ సంబంధమూ లేదు. తెలుసు. తెలిసినా క్యాలెండర్లో 24 మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. ల్యాప్‌టాప్ తెరిస్తే క్లారా ఫొటో, పక్కన నేను రాసిన పాస్డ్ అవే. ఆమె నన్నే చూస్తున్నట్టుంది. కోపంగా కాదు. పేషెంటు దగ్గర డ్యూటీ మార్చుకునేటప్పుడు నర్సులు చూస్తారే, ఏం చెప్పావు, ఏం చెప్పలేదు అని, అలా. ల్యాప్‌టాప్ మూసేసినా ఆ చూపు గదిలోనే ఉంది.

ఆమెకు మాత్రం అన్నీ తెలుసు. రోజూ ఆ జ్వరంతో ఉన్నవాళ్ళ మంచాల మధ్యే తిరిగింది, ఏమవుతుందో కళ్ళారా చూసింది, చూసి కూడా చెయ్యి చాపింది. అది ఆమె ఇష్టం. రామన్నకు ఇష్టపడడానికో, పడకపోవడానికో నేను అవకాశమే ఇవ్వలేదు. ఇన్నాళ్ళూ ఇద్దరినీ ఒక గాటన కట్టి భయపడుతున్నాను. ఇద్దరికీ పోలికే లేదు. ఆ పోలిక లేకుండా చేసింది నేను.

పన్నెండుకు: అలాగే ఉన్నాడు.

నాలుగుకు: రక్తం కారడం తగ్గింది.

తొమ్మిదికి పెట్టలేదు. భయమేసింది.

ఆగస్టు 25, సోమవారం

గొట్టం తీసేశారు. సొంతంగా ఊపిరి పీలుస్తున్నాడు.

ఆఫీసు బాత్రూంలో తలుపేసుకుని నవ్వాను. చాలాసేపు నవ్వాను. బయటికొచ్చి కొలీగ్స్ అందరికీ కొబ్బరి జామ్ రాసిన కయా టోస్ట్ తెప్పించాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

ఆగస్టు 26, మంగళవారం

ఫైజ్ మళ్ళీ వచ్చాడు. అల్లా దయ అన్నాడు. కాగితాలు చూసినవాళ్ళకు అన్నీ సక్రమంగానే కనిపించాయట. ఇక ఎవరూ ఏమీ అడగరు. అదొక్కటీ మర్చిపొమ్మన్నాడు.

నిజానికి నేనూ అదే ఆలోచిస్తున్నాను. ఏమైనా జరిగి ఉంటే చెప్పేదాన్ని, ఒట్టు. గండం గడిచాక ఇప్పుడెందుకు? అతనికి మాత్రం ఏం లాభం? మంచం మీంచి లేవబోతున్న మనిషిని మళ్ళీ భయపెట్టడం తప్ప. ఫైజ్ ఉద్యోగం కూడా ఉంది మధ్యలో. ముగ్గురు పిల్లల తండ్రి. తగుదునమ్మా అని నేను వెళ్ళి చెప్పి ఎవరిని ఉద్ధరిస్తాను?

ఇవన్నీ చాలా మంచి కారణాలు. 13న కూడా నా దగ్గర మంచి కారణాలే ఉన్నాయి.

ఆగస్టు 27, బుధవారం

స్లైడ్లో 'డైడ్' అని మార్చాను.

రేపు రామన్న దగ్గరికి వెళ్ళాలి. కోలుకున్నాక ఆరు నెలల పాటు రక్తం నమూనాలు ఇవ్వడానికి కొత్త కాగితం మీద మళ్ళీ ఒప్పుదల కావాలి. తెలుగులో చెప్పేవాళ్ళు కావాలి. అడిగితే సరే అన్నాను.

ఆగస్టు 28, గురువారం

చెప్పాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

కిటికీ పక్క మంచం. సగానికి సగం అయిపోయాడు. చేతుల మీద సూదుల మచ్చలు. నన్ను చూడగానే లేచి కూర్చోబోయాడు, ఫైజ్ ఆపాడు. నేను కుర్చీ దగ్గరకు లాక్కున్నాను. కొత్త కాగితం ఒళ్ళో పెట్టుకున్నాను. నేను మొదలుపెట్టకముందే అతను నా చెయ్యి పట్టుకున్నాడు.

"కళ్ళు తెరవనేకపోయేను గానీ తెలివి ఉంది మేడమ్. సావొచ్చీసిందనుకున్నాను. అప్పుడు మీరు గుర్తొచ్చేరు. అంత పెద్ద కాయితం సదివేరు గదా, ఎక్కడా సావు మాట అననేదు. మేడమ్ మన వైపు మనిషి, ఉంటే సెప్పీదే, నేదు కాబట్టే అననేదు, అయితే నాను సావను అనుకున్నాను. ఆ మాటే పట్టుకుని ఉండిపోయేను."

ఇంతకన్నా పెద్ద శిక్ష ఉంటుందని నేననుకోను. అతను దండం పెడుతున్నట్టే చెప్పాడు. ఊరుకుంటే చాలు. నా అబద్ధమే అతన్ని బతికించిందని ఇంటికెళ్ళి హాయిగా నమ్మొచ్చు, జీవితాంతం నమ్మొచ్చు. ఒక్క నిమిషం నమ్మాను కూడా. అతని చెయ్యి వెచ్చగా ఉంది. ఆ చెయ్యి వదలాలని లేదు.

"రామన్నా, ఆ మాట కాగితంలో ఉంది. ఏడో పేజీలో. రక్తం కారి చనిపోవచ్చు అని రాసి ఉంది. డాక్టరు గారు చదివారు. నేనే నీకు చెప్పలేదు. ఇంకేమైనా ఉందా అని నువ్వు అడిగావు, అప్పుడూ చెప్పలేదు" అన్నాను.

అతనికి వెంటనే అర్థం కాలేదు. చిరునవ్వు కాసేపు అలాగే ఉంది. తర్వాత చెయ్యి తీసుకున్నాడు. విసురుగా కాదు, మెల్లగా తీసుకుని దుప్పటి కింద పెట్టుకున్నాడు.

ఎందుకు సెప్పనేదు అని అడిగాడు. నోరు రాలేదన్నాను. ఇంకా ఏదో చెప్పబోయాను, తథాస్తు దేవతలనీ, అమ్మ అనీ. ఆ మంచం పక్కన అవేవీ చెప్పుకునే మాటల్లా లేవు.

కిటికీ వైపు తిరిగాడు. నర్సు వచ్చి సెలైన్ చూసి వెళ్ళింది. ఫైజ్ నా మొహమూ అతని మొహమూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"సెప్పుంటే నాను సంతకం పెట్టీవోణ్ణి కాను మేడమ్. నాకిద్దరు ఆడపిల్లలు" అన్నాడు.

తెలుసన్నాను.

కొత్త కాగితం తీసి, చదవనా అని అడిగాను. అన్నీ చదువుతాను, ఒక్కటీ వదలను అన్నాను. అతను నా చేతిలో కాగితం వంక చూశాడు, నా వంక చూడలేదు.

"ఒద్దు మేడమ్. ఇంకెవలినైనా రమ్మనండి. తెలుగు రాపోయినా పరవానేదు."

గట్టిగా కూడా అనలేదు. నేను లేచాను. ఫైజ్‌కి ఆ యాస అందలేదు, ఏమన్నాడు అని నన్నడిగాడు. అతను నాతో అన్న మాటలన్నీ, మొదటి నుంచి చివరి దాకా, ఇంగ్లిష్‌లోకి తర్జుమా చేసి చెప్పాను. ఈసారి ఒక్క మాట కూడా వదల్లేదు.